వాన లెక్క తెలిసిన ఊరు
వాతావరణ మార్పును గ్రామ పంచాయతీలు తమ ప్రణాళికల్లోకి ఎలా తెస్తున్నాయి?

గ్రామసభలో ఏటా వినిపించే మాటలు మనకు తెలిసినవే. ఈ వీధికి సిమెంటు రోడ్డు కావాలి. ఆ వాడలో మురుగుకాలువ పూడిపోయింది. వీధిదీపాలు వెలగడం లేదు. పంచాయతీ కార్యదర్శి అన్నీ రాసుకుంటారు, తీర్మానం చదువుతారు, సంతకాలు పూర్తవుతాయి. అదే సభలో ఎవరైనా లేచి, "నిరుడు మన ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది? అందులో ఎంత భూమిలోకి దిగింది? ఆ నీరు ఎన్ని ఎకరాల పంటకు సరిపోతుంది?" అని అడిగితే ఎవరు జవాబు చెబుతారు?

చాలా ఊళ్లలో ఎవరూ చెప్పలేరు. కానీ మన దేశంలో కొన్ని ఊళ్లు ఈ ప్రశ్నలకు ఏటా జవాబు రాసుకుంటున్నాయి. నీటికే కాదు, తాము గాలిలోకి వదిలే కర్బనానికి కూడా ఖాతా తెరిచిన పంచాయతీలు ఉన్నాయి. ఆ ఊళ్ల అనుభవం చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వాతావరణ మార్పును ఎదుర్కొనే ప్రణాళిక అంటే ఇంకో పనుల జాబితా కాదు. అది ముందుగా ఒక లెక్కల పుస్తకం. ఆ పుస్తకాన్ని చూసి ఊరు నిర్ణయం మార్చుకున్నప్పుడే అది ప్రణాళిక అవుతుంది.

చట్టంలో చోటు ఉంది

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలను చేర్చి, వాటిని పంచాయతీలకు అప్పగించే వెసులుబాటు రాష్ట్రాలకు కల్పించింది. ఆ జాబితాలో 'వాతావరణ మార్పు' అన్న మాట కనబడదు. అయితే చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణ, భూసార సంరక్షణ, సామాజిక అడవులు, తాగునీరు, వంటచెరకు, పశుగ్రాసం, సంప్రదాయేతర ఇంధన వనరులు అందులో ఉన్నాయి. కరువైనా వరదైనా వడగాడ్పైనా ఊరిని తాకేది వీటి ద్వారానే.

ప్రతి పంచాయతీ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఊరి స్థాయికి తెచ్చేందుకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది ఇతివృత్తాలను నిర్ణయించింది. వాటిలో 'నీటి సమృద్ధి గల గ్రామం', 'పరిశుభ్ర, పచ్చని గ్రామం' అన్న రెండూ నేరుగా వాతావరణానికి సంబంధించినవే. నిధుల్లో కూడా కొంత దారి ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని నిర్దిష్ట పనులకు కేటాయించింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి ఖర్చు చేయాలని చెప్పింది.

చోటు ఉంది, కొంత డబ్బూ ఉంది. మరి ఆ చోటును నింపడానికి కావలసిన సమాచారం ఊరికి ఎక్కడి నుంచి వస్తుంది?

అంచనాల గడి పెద్దది, ఊరు చిన్నది

శాస్త్రవేత్తలు భూగోళాన్ని గడులుగా విభజించి, ఒక్కో గడిలో గాలి, తేమ, ఉష్ణోగ్రత ఎలా మారతాయో కంప్యూటర్ల మీద లెక్కిస్తారు. ప్రపంచ స్థాయి వాతావరణ నమూనాల్లో ఒక్కో గడి వైపు సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. దక్షిణాసియా కోసం ప్రత్యేకంగా తయారుచేసిన నమూనాల్లో అది 50 లేదా 25 కిలోమీటర్లకు తగ్గుతుంది. మన పంచాయతీ మాత్రం రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. ఒక్క గడిలో పదుల కొద్దీ ఊళ్లు ఇమిడిపోతాయి. "2050 నాటికి మా ఊళ్లో వాన ఎంత తగ్గుతుంది?" అన్న ప్రశ్నకు ఏ నమూనా కూడా నమ్మకంగా ఒక అంకె చెప్పలేదు.

అయితే దేశం మొత్తం మీద మార్పు ఎటు పోతున్నదో తెలుసు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో విడుదల చేసిన వాతావరణ మార్పు మదింపు నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 1951-2015 మధ్య నైరుతి రుతుపవన వర్షపాతం దాదాపు 6 శాతం తగ్గింది. మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే కుండపోత వానలు మాత్రం 1950 తర్వాత సుమారు 75 శాతం పెరిగాయి. అంటే వానాకాలం మొత్తంలో పడే నీరు కాస్త తగ్గుతున్నది, పడే తీరు మాత్రం బాగా మారుతున్నది. వాన రోజుల మధ్య ఎడం పెరిగి, పడ్డప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తున్నది.

రేపటి వాతావరణ సూచన విషయంలో పరిస్థితి మెరుగుపడింది. 2024 అక్టోబరు 24న భారత వాతావరణ విభాగం, పంచాయతీరాజ్ శాఖ కలిసి గ్రామ పంచాయతీ స్థాయి సూచనలు ప్రారంభించాయి. రానున్న ఐదు రోజుల ఉష్ణోగ్రత, వాన, గాలి వివరాలు ఇప్పుడు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లోనూ మేరీ పంచాయత్ యాప్‌లోనూ దొరుకుతాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మే నెలలో వాడకంలోకి వచ్చింది. దాంతో సూచనల గడి 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గింది. కోతలు ఆపాలా, ధాన్యం మీద టార్పాలిన్ కప్పాలా అని తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఈ యాసంగిలో ఎన్ని ఎకరాల వరి వేయవచ్చో చెప్పడానికి మాత్రం ఇది చాలదు. దానికి ఊరే కొలవాలి.

నీటి పద్దు ఇలా రాస్తారు

కొలవడం పెద్ద విద్యేమీ కాదు. ఒక హెక్టారు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 10 ఘనపు మీటర్ల నీరు, అంటే 10,000 లీటర్లు. పంచాయతీ ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టి రోజూ ఉదయం 8.30 గంటలకు అందులోని నీటిని కొలిచి పుస్తకంలో రాస్తే సరిపోతుంది. దేశమంతటా వానను కొలిచే వేళ అదే. పది పదిహేను బావులనూ బోర్లనూ ఎంచుకుని, పదిహేను రోజులకోసారి నీటిమట్టం ఎంత లోతున ఉందో చూడటం రెండో పని.

ఒక ఊరిని ఊహించుకుని లెక్క వేద్దాం. విస్తీర్ణం 1,000 హెక్టార్లు. జనాభా 3,000. పెద్ద పశువులు 1,500. వానాకాలంలో 500 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే ఊరి మీద 50 లక్షల ఘనపు మీటర్ల నీరు కురిసిందన్నమాట. వినడానికి చాలా పెద్ద అంకె. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మొక్కలు పీల్చుకుంటాయి, వాగుల్లో పారిపోతుంది. దక్కన్ పీఠభూమిలోని గ్రానైటు వంటి గట్టి రాతినేలల్లో భూగర్భంలోకి దిగేది పదో వంతు లేదా ఇంకా తక్కువ. గంగా మైదానపు ఒండ్రునేలల్లో అది ఐదో వంతు దాటుతుంది. మనది రాతినేల కాబట్టి పదో వంతు అనుకుందాం. జమ 5 లక్షల ఘనపు మీటర్లు.

ఇక ఖర్చు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి సుమారు 60,000 ఘనపు మీటర్లు. పశువుకు 50 లీటర్ల చొప్పున మరో 27,000. ఈ రెండూ తీసేస్తే పంటకు మిగిలేది 4 లక్షల 12 వేల ఘనపు మీటర్లు.

యాసంగి వరికి హెక్టారుకు సుమారు 12,000 ఘనపు మీటర్లు కావాలి. అలా అయితే 34 హెక్టార్లకు, అంటే 85 ఎకరాలకు మాత్రమే నీరు సరిపోతుంది. వేరుశనగ వంటి పంటకు హెక్టారుకు 5,000 అనుకుంటే 200 ఎకరాలు పారుతుంది. మరీ తక్కువ నీటితో గట్టెక్కే పప్పుధాన్యాలూ చిరుధాన్యాలూ అయితే, హెక్టారుకు 3,000 చొప్పున దాదాపు 340 ఎకరాలు. అదే నీరు 85 ఎకరాలను తడపాలా, 340 ఎకరాలను తడపాలా అన్నది ఊరు తేల్చుకోవాల్సిన విషయం.

వాన 30 శాతం తగ్గి 350 మిల్లీమీటర్లే పడిందనుకోండి. మనుషులూ పశువులూ తాగే నీరు తగ్గదు కాబట్టి, ఆ కోత అంతా పంట నీటి మీదే పడుతుంది. వాన 30 శాతం తగ్గితే పంట నీరు 36 శాతం తగ్గుతుంది.

ఇంకో పరిస్థితి చూడండి. వాన మొత్తం తగ్గనే లేదు, 500 మిల్లీమీటర్లూ పడింది. కానీ అరవై రోజుల్లో పడాల్సింది పాతిక ముప్పై రోజుల్లో కుమ్మరించి, ఎక్కువ నీరు వాగుల్లో పడి పోయింది. భూమిలోకి దిగే వాటా 10 శాతం నుంచి 8 శాతానికి పడిపోయిందనుకుందాం. అప్పుడు పంటకు మిగిలే నీరు 3 లక్షల 12 వేల ఘనపు మీటర్లే. వర్షపాతం పట్టికలో 'సాధారణం' అని నమోదైన ఏడాదిలోనే పంట నీటిలో నాలుగో వంతు మాయమవుతుంది. వాతావరణ మార్పు ఊరి పద్దులోకి ఎలా చొరబడుతుందో ఈ ఒక్క వరుస చెబుతుంది.

ఇది నమూనా లెక్క మాత్రమే. అసలు పద్దులో వానాకాలంలోనే బోర్లు తోడిన నీరు, పొలం నుంచి మళ్లీ భూమిలోకి దిగే నీరు, చెరువుల ఊట కూడా చేరుతాయి. అయినా కూడికలు, తీసివేతలు దాటి ఇందులో పెద్ద గణితం లేదు.

పద్దు చదివిన ఊళ్లు

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున రైతుల చేతికిచ్చిన ప్రయోగం మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో 'రైతుల నిర్వహణలో భూగర్భ జలాలు' అన్న ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే వాననూ బోర్ల నీటిమట్టాన్నీ కొలిచారు. యాసంగి మొదలయ్యే ముందు ఊరంతా ఒకచోట చేరి నీటి పద్దు వేసుకునేవారు. ఎవరు ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. బోర్లకు తాళం వేయలేదు. చాలామంది రైతులు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు మళ్లారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. నీరు చాలదని ముందే తెలిస్తే, ఎండిపోయే పంట మీద పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. భారతదేశ భూగర్భ జలాలపై 2010లో ప్రచురించిన నివేదికలో ప్రపంచ బ్యాంకు ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా పేర్కొంది.

మహారాష్ట్రలోని అహిల్యానగర్ (నిన్నమొన్నటి అహ్మద్‌నగర్) జిల్లాలో ఉన్న హివరే బజార్ మరో అడుగు ముందుకు వేసింది. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఈ ఊరు ఒకప్పుడు వలసలకు పేరుమోసింది. 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయ్యాక గుట్టల మీద కందకాలు తవ్వారు, చెక్‌డ్యాములూ ఊట కుంటలూ కట్టారు, గుట్టల మీద పశువుల మేత ఆపి చెట్లు పెంచారు. ఇలాంటి పనులు చేసిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఇక్కడి తేడా ఆ తర్వాతి నిబంధనల్లో ఉంది. సాగు కోసం లోతైన బోరుబావులు వేయరాదు. చెరకు, అరటి వేయరాదు. ఏటా వానాకాలం ముగిశాక గ్రామసభ నీటి పద్దు చదువుతుంది. తాగునీరు, పశువుల నీరు ముందుగా పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి ఆ ఏటి పంటలు నిర్ణయిస్తుంది.

ఈ రెండు అనుభవాలనూ కలిపి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. చెక్‌డ్యాము నీటి జమను పెంచుతుంది. ఖర్చును అదుపు చేసేది ఊరి నిర్ణయమే. జమ పెరిగిన ధైర్యంతో నాలుగు బోర్లు ఎక్కువ వేస్తే పద్దు మళ్లీ లోటులోకే జారుతుంది.

2020లో అమల్లోకి వచ్చిన అటల్ భూజల్ యోజన ఇదే ఆలోచనను ఏడు రాష్ట్రాల్లోని ఎనిమిది వేలకు పైగా నీటి ఎద్దడి పంచాయతీలకు తీసుకెళ్లింది. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ ఆ రాష్ట్రాలు. అక్కడ పంచాయతీలు నీటి పద్దులనూ నీటి భద్రతా ప్రణాళికలనూ తయారుచేసి, అంకెలను ఊళ్లో అందరికీ కనబడేలా ప్రదర్శించాలని ఆ పథకం చెప్పింది. తెలుగు రాష్ట్రాలు ఆ జాబితాలో లేవు. అయితే వర్షమాపకం పెట్టుకోవడానికి ఏ పథకం అనుమతీ అక్కర్లేదు.

కర్బనానికీ ఒక ఖాతా

కేరళలోని వయనాడ్ జిల్లాలో మీనంగాడి పంచాయతీ ఇంకో రకం పుస్తకం తెరిచింది. 2016లో ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు అక్కడ కర్బన తటస్థతను సాధించే పథకం మొదలైంది. ఊరు వదిలే కర్బనమూ ఊళ్లోని చెట్లూ నేలా పీల్చుకునే కర్బనమూ సరిసమానం కావాలన్నది లక్ష్యం. ముందు సర్వే చేశారు. కరెంటు, వంటగ్యాసు, కట్టెలు, వాహనాలు, పశువులు, చెత్త అన్నింటి లెక్కా తీశారు. ఏడాదికి 33 వేల టన్నులకు పైగా ఉద్గారాలు ఉన్నాయనీ, చెట్లూ నేలా పీల్చుకోగా 11 వేల టన్నులకు పైగా మిగులుతున్నాయనీ తేలింది.

ఆ మిగులును తగ్గించే దారుల్లో ఒకటి 'చెట్ల బ్యాంకు'. రైతు తన పొలంలో నాటిన మొక్కను సహకార బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చు. మొక్కకు ఏడాదికి 50 రూపాయల చొప్పున పదేళ్లపాటు వడ్డీలేని అప్పు వస్తుంది. చెట్టు నరికితేనే ఆ అప్పు తీర్చాలి, నిలబెట్టినంత కాలం తీర్చనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఇందుకోసం 10 కోట్ల రూపాయలు సమకూర్చింది. మొక్కలు నాటడం మన దగ్గరా ఉత్సవంలా జరుగుతుంది. నాటిన మొక్క ఐదో ఏడు కూడా బతికి ఉండాలంటే దాన్ని కాచుకునే వారికి ఏదో ఒక లాభం ఉండాలన్న ఆలోచన మాత్రం కొత్తది.

జమ్మూలోని సాంబా జిల్లా పల్లీ పంచాయతీ సూర్యుణ్ణి నమ్ముకుంది. 2022 ఏప్రిల్ 24న అక్కడ 500 కిలోవాట్ల సౌర విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన పల్లెల ఉద్గారాలు ప్రపంచ మొత్తంలో లెక్కకు రానంత చిన్నవి. ఒక ఊరు కర్బనాన్ని సున్నా చేసినా ఆ ఊరి ఎండ తగ్గదు. అందుకే కర్బన ఖాతా మంచిదే అయినా, కరువునూ వరదనూ ఎండనూ తట్టుకునే ఏర్పాట్లకు అది బదులు కాదు. సౌర పంపుసెట్టు ఇందుకు మంచి ఉదాహరణ. అది డీజిలు ఉద్గారాలను తగ్గిస్తుంది. పట్టపగలంతా ఖర్చు లేకుండా నీరు తోడగలదు కాబట్టి, నీటి పద్దు లేని ఊళ్లో భూగర్భ జలాలను మరింత వేగంగా అడుగంటించనూ గలదు. ఒక ఖాతాలోని లాభం ఇంకో ఖాతాలో నష్టం కావచ్చు. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి.

ఎండ అందరికీ ఒకటి కాదు

మూడో లెక్క మనుషులది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఎండ ఊరంతటికీ ఒకేలా కాసినా దెబ్బ ఒకేలా తగలదు. పొలంలో, మట్టిపనిలో ఉన్న కూలీ, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ, నీళ్ల కోసం దూరం నడిచే గర్భిణి ముందుగా దెబ్బతింటారు. ఒళ్లు చల్లబడేది ప్రధానంగా చెమట ఆరడం వల్లనే. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. అందుకే కోస్తాలో ఉష్ణోగ్రత కాస్త తక్కువగా ఉన్నా ముప్పు తగ్గదు.

ఈ లెక్కకు పరికరాలు అక్కర్లేదు. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఏ వాడలో నీరు నిలుస్తుందో, ఏ ఇళ్లకు రేకుల కప్పులున్నాయో, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో గుర్తు పెట్టడమే. ఆశా కార్యకర్తకూ అంగన్‌వాడీ టీచరుకూ స్వయం సహాయక సంఘాల మహిళలకూ ఈ వివరాలు ఎప్పుడూ తెలిసే ఉంటాయి. అవి పంచాయతీ పుస్తకంలోకి ఎక్కితే నిర్ణయాలు తేలికవుతాయి. చలివేంద్రం బస్టాండు దగ్గర పెట్టాలా, పనిచోట పెట్టాలా? ఉపాధి పనులు తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించవచ్చా? పనిచోట నీడ, తాగునీరు ఉండాలన్నది పాత నిబంధనే. అది అమలయ్యేదీ కానిదీ స్థానికంగానే తేలుతుంది.

పొరుగున ఉన్న నేపాల్ ఈ పద్ధతికి 2011లోనే అధికారిక రూపం ఇచ్చింది. స్థానిక అనుసరణ కార్యాచరణ ప్రణాళికల కోసం ఒక జాతీయ చట్రాన్ని తెచ్చింది. ముప్పు ఎవరికి ఎక్కువో ముందు ఊళ్లో గుర్తించి, ఆ తర్వాతే పనులు ఎంచుకోవాలని చెప్పింది. వాతావరణ నిధుల్లో కనీసం 80 శాతం క్షేత్రస్థాయికి చేరాలని అదే ఏడాది తన విధానంలో రాసుకుంది.

పంచాయతీ చేతిలో లేనివి

ఇంత చెప్పుకున్నా, బరువంతా సర్పంచి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. భూగర్భ జలానికి పంచాయతీ హద్దు తెలియదు. ఒక ఊరు వరి తగ్గించుకున్నా, అదే నీటి పొర మీద ఉన్న పక్క ఊరు బోర్లు వేస్తే ఆ త్యాగం వృథా. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి అవసరం. కానీ ఆ అధికారం పంచాయతీది కాదు, పై అధికారులది. ఏ పంటకు మద్దతు ధర దక్కాలో, ఏ ధాన్యం కొనాలో, కరెంటు ఉచితమో కాదో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు తేలుస్తాయి. కొనేది వడ్లనే అయితే కందులు వేయమని గ్రామసభ ఎంత చెప్పినా రైతు వినడు.

కొలతల కొనసాగింపు ఇంకో చిక్కు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు కొలుస్తారు, నిధులు ఆగాక పుస్తకం అటక ఎక్కుతుంది. వాతావరణంలో మార్పు కనబడాలంటే ముప్పై ఏళ్ల కొలతలు కావాలి. పంచాయతీ పదవీకాలం ఐదేళ్లే. అంటే ఒక సర్పంచి మొదలుపెట్టిన లెక్కను ఆ తర్వాత గెలిచే ఐదుగురు కొనసాగించాలి. రోజూ వానను కొలిచి రాసే బాధ్యత ఒక పదవికో ఊరి బడికో అప్పగిస్తేనే ఇది సాధ్యం. మనిషి ఉత్సాహం మీద ఆధారపడితే నిలవదు. హివరే బజార్‌లో దశాబ్దాలుగా ఒకే నాయకత్వం ఉంది. అది ఆ ఊరి అదృష్టం. మిగతా రెండున్నర లక్షల పంచాయతీలకు కావలసింది ఒక అలవాటు.

ఆ అలవాటు మూడు ప్రశ్నలతో మొదలు కావచ్చు. ఈ ఏడాది ఊళ్లో ఎంత వాన పడింది? నిరుటితో పోలిస్తే బావుల్లో నీరు ఎన్ని అడుగుల కిందికో పైకో వెళ్లింది? వచ్చే వేసవిలో ముందుగా ఎవరి ఇంటి తలుపు తట్టాలి? తర్వాతి గ్రామసభలో సిమెంటు రోడ్డు గురించి మాట్లాడాక ఎవరైనా ఈ మూడూ అడగవచ్చు. మొదటి ఏడాది జవాబు దొరక్కపోవచ్చు. ప్రశ్న మినిట్సు పుస్తకంలోకి ఎక్కితే, రెండో ఏడాదికి ఎవరో ఒకరు వర్షమాపకం కొనక తప్పదు.